తాళాలాయన కూతురి డ్రమ్ములు

ఆమెను అందరూ డబ్బా అనేవారు. సొంత పేరుతో పిలిస్తే ఒక్కోసారి పలికేది కూడా కాదు. చిన్నప్పుడు వంటింట్లో చేతికందిన ప్రతి డబ్బా బోర్లించి గరిటెలతో వాయించేదట. తల్లి లేని పిల్ల అని తండ్రి ఏమీ అనలేదు. పైగా చప్పుడు బాగా వచ్చే డబ్బాలు ఏరి తెచ్చి ఇచ్చేవాడు.

పెద్దాసుపత్రి లాండ్రీలో డబ్బా ఉద్యోగం. నెత్తురూ చీమూ వాంతీ అంటిన దుప్పట్లు మూటలుగా వచ్చి పడేవి. వాటిని విప్పి, దులిపి, వేరుచేసి యంత్రాల్లో వేయాలి. కొత్తగా చేరినవాళ్ళు చాలామంది ముక్కు మూసుకుని పారిపోయేవారు. డబ్బా మాత్రం తలగుడ్డ బిగించి, చేతొడుగులు వేసుకుని, “ఒంట్లో బాగుంటే ఆసుపత్రికెందుకొస్తారు, పాపం” అంటూ పనిలో పడిపోయేది. దేన్నయినా చూసి ఆమె మొహం చిట్లించడం నేనెన్నడూ చూడలేదు, ఆ టీవీ కామెడీ మా జీవితాల్లోకి వచ్చేదాకా.

మాది ముగ్గురి బ్యాండు. డబ్బా డ్రమ్ములు వాయించేది. ఆమె మేనమామ కూతురు గిటారు వాయిస్తూ పాడేది. డబ్బా ఆమెను “వదినా” అని పిలుస్తుంటే నాకూ వదినే అయిపోయింది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే నేను బేస్ గిటారు. బ్యాండు పేరు ‘ఉతుకుడు’. వాయించేది పంక్. అంటే మూడు ముక్కల రాగం, ముప్పై ముక్కల కోపం అనేది వదిన. లాండ్రీ సూపర్‌వైజరు ముక్కు మీద ఒక పాట, ఎప్పుడూ పనిచేయని లిఫ్టు మీద ఒక పాట, పెళ్ళిచూపులకొచ్చి ఫోను చూసుకుంటూ కూర్చున్న పెద్దమనిషి మీద ఒక పాట. డబ్బా రోజూ తలగుడ్డ కట్టేది, నేను చలేస్తే కట్టేదాన్ని, వదిన అసలు కట్టేది కాదు. దాని గురించి మా మధ్య ఏనాడూ మాట రాలేదు. గొడవల్లా పాట ఎంత వేగంగా పోవాలన్నదాని మీదే.

డబ్బా వాళ్ళ నాన్న తాళాలు బాగుచేసేవాడు. ఆయన కొట్టు వెనక గదిలోనే మా సాధన. చప్పుడు బయటికి పోకుండా గోడలకి పాత పరుపులు ఆయనే కట్టాడు. నమాజు వేళకి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. మేం ఆపేవాళ్ళం. డబ్బా ఒక మూల నమాజు చేసుకుని వచ్చి, మళ్ళీ కర్రలు పట్టుకునేది. ఒక్కోసారి ఆయనే లోపలికి తొంగిచూసేవాడు.

“ఆ లిఫ్టు పాటలో నీ చెయ్యి పరుగెడుతోందమ్మా. బస్సేమన్నా తప్పిపోతోందా?”

“పంక్ అంటే అంతే నాన్నా.”

“అయితే సరే. నాకేదో తొందరపడ్డావనిపించింది.”

ఒక సాయంత్రం చిన్న హాల్లో మా కార్యక్రమం అయ్యాక ఒక రచయిత్రి వచ్చి పరిచయం చేసుకుంది. టీవీకి కామెడీ రాస్తుందట. “పంక్ బ్యాండులో ముస్లిం ఆడవాళ్ళు! ఇంతవరకు ఎవరూ చూపించలేదు. నేను చూపిస్తాను. మీరు నవ్వులపాలు కారు, మీతో కలిసి నవ్వుతారు,” అంది. మనిషి కలుపుగోలు. తర్వాత కొట్టుకి రావడం మొదలుపెట్టింది. పరుపులకి ఆనుకుని కూర్చుని టీలు తాగింది. తన తండ్రి తనతో మాట్లాడడని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆ మాటతో డబ్బా మనసు కరిగి, దాచుకోకుండా అన్నీ చెప్పింది. రచయిత్రి కారు తాళంచెవి పోగొట్టుకున్న రోజున తాళాలాయన తానే వెళ్ళి కారు తెరిచి, కొత్త చెవి చేసి చేతిలో పెట్టాడు. “మా అమ్మాయి గురించి మంచిగా రాయండమ్మా,” అన్నాడంతే.

సంగీతం మాది, మొహాలు నటీమణులవి అని ఒప్పందం. డబ్బా వేషం వేసే అమ్మాయికి కర్రలు పట్టుకోవడం రాదు కనుక, ఆమె వెనక నల్లతెర చాటున కూర్చుని డబ్బా వాయించాలి. దగ్గరగా చూపించేటప్పుడు చేతులు కూడా డబ్బావే.

మొదటిరోజు స్టూడియోలో మా గదిని చూసి నోరెళ్ళబెట్టాం. అవే పరుపులు, గోడ నిండా అవే తాళంచెవులు. తలుపుకి మాత్రం బయటివైపు గుమ్మడికాయంత తాళం వేలాడుతోంది.

“బయట తాళమెందుకు మేడం?” అని డబ్బా అడిగింది.

“కథకి కొంచెం భయం కావాలి కదమ్మా,” అంది రచయిత్రి.

ప్రేక్షకుల్ని కూర్చోబెట్టారు. ఒకాయన ముందు నిలబడి చెయ్యెత్తితే వాళ్ళు నవ్వాలి. తండ్రి వేషగాడు వచ్చాడు. అంటించిన గడ్డం, కట్టుకున్న బొజ్జ, గడ్డం మీదుగా కారుతున్న పులుసు. “నోటికి తాళం వేస్తా!” అని గావుకేక పెట్టి డ్రమ్ముని కాలితో తన్నాడు. నవ్వులు. కూతురి వేషం వేసిన అమ్మాయి తలగుడ్డ లాగి, దాంతో అతని ముక్కు తుడిచి, జనం మీదికి విసిరింది. ఈలలు, చప్పట్లు. సరిగ్గా రాలేదని మళ్ళీ తీశారు. మళ్ళీ. ప్రతిసారీ ఒక కుర్రది ఆ గుడ్డని నేలమీంచి ఏరి, ఇస్త్రీ చేసి తెచ్చి ఆ అమ్మాయి తలకి చుట్టేది.

మధ్యలో తండ్రి వేషగాడు తెర వెనక్కి వచ్చాడు. మర్యాదస్తుడు. “మీ నాన్నగారు ఇంకా గట్టిగా అరిచేవారా అమ్మా? నేనేమన్నా తగ్గించానా?” అని వినయంగా అడిగాడు. ఊడిపోతున్న గడ్డాన్ని ఒక చేత్తో అదిమిపట్టుకున్నాడు.

డబ్బా కర్రలు కింద పడేసింది. లేచి, గబగబా వెళ్ళి, స్నానాలగదిలో కడుపులో ఉన్నదంతా కక్కేసింది. నేను వీపు రాస్తుంటే, “వదులు, నోరు కడుక్కోనీ,” అంది. తిన్నగా రచయిత్రి దగ్గరికి నడిచింది.

“ఆయన మా నాన్న కాదు.”

“కాదని అందరికీ తెలుసమ్మా. ఇది కల్పన. అయినా ఎక్కడో ఒక ఆడపిల్లకి అలాంటి తండ్రి ఉంటాడు కదా?”

“ఉంటాడు. ఆ పిల్ల దగ్గర కూర్చుని టీ తాగి ఆమె కథ రాయండి. మా గోడ మీది తాళంచెవులెందుకు తగిలించారు?”

రచయిత్రి ఆమె భుజం నిమిరి, అలసిపోయావంది. డబ్బా ఆ చేతిని తీసి పక్కన పెట్టింది, తడి గుడ్డను తీసినట్టు. ఆ రోజు తర్వాత ఆమె ఆ స్టూడియో గుమ్మం తొక్కలేదు, నేనూ తొక్కలేదు. వదిన మాత్రం మానలేదు. “పాట మనదేగా, మొహం ఎవరిదైతే ఏం?” అంది. “పాట కింద ఆ నవ్వులు పెడితే అది మన పాట ఎలా అవుతుందే?” అని డబ్బా అరిచింది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి.

కార్యక్రమం బ్రహ్మాండంగా ఆడింది. బస్సులో, ఆఫీసుల్లో, ఎక్కడ చూసినా “నోటికి తాళం!” అనడం, పడీపడీ నవ్వడం. ఆ కొట్టు ఎవరిదో నలుగురికీ తెలిసిపోయింది. ఒకాయన సూటుకేసు తాళం పట్టేసిందని భార్యతో సహా వచ్చాడు.

“ఏం పెద్దాయనా, అమ్మాయి నోటికేసింది ఏ రకం తాళం? అలాంటిదే మా ఆవిడకీ ఒకటివ్వు!”

భార్య పకపకా నవ్వుతూ ఫోనులో తీస్తోంది. ముసలాయన తలవంచుకుని సూటుకేసు తెరిచి, మూత తుడిచి ఇచ్చాడు. ఇచ్చి, వాళ్ళని చిన్నబుచ్చడం ఇష్టంలేక తానూ నవ్వాడు. అప్పుడే పనినుంచి వచ్చిన డబ్బా గుమ్మంలో ఆగిపోయింది. తండ్రి మొహం మీద ఆ నవ్వు చూసి ఆమెకి ఒళ్ళంతా బురద పూసినట్టయిందట. వాళ్ళు తిట్టినా ఇంత కంపరం పుట్టేది కాదని తర్వాత నాతో అంది.

ఇది చాలదన్నట్టు మసీదు కమిటీ పెద్ద దిగాడు. ఈయనే ఒకప్పుడు మా గది ఖాళీ చేయించమని కొట్టు అద్దెకిచ్చిన యజమాని చెవి కొరికినవాడు. ఇప్పుడు నలుగురిని వెంటేసుకొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

“చూశావా అమ్మాయ్, మన పరువెలా తీశారో! సభ పెడుతున్నాం. నువ్వు మాట్లాడాలి. బ్యాండు మానేశానని చెప్పు. కాస్త ఏడిస్తే ఇంకా మంచిది.”

డబ్బా నోరు తెరిచేలోపే తండ్రి అందుకున్నాడు. “నా కూతురికి ఏడుపొస్తే ఇంట్లో ఏడుస్తుందండీ. మీకు కావలసినప్పుడు కాదు. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, జాగ్రత్తగా లేవండి.”

తర్వాత ఒక ఛానెలు చర్చ పెట్టింది. ఒకపక్క రచయిత్రి, ఇంకోపక్క కమిటీ పెద్ద, మధ్యలో డబ్బా. వెళ్ళొద్దని నేనన్నాను. “నాన్న గురించి ఒక్కమాట చెప్పి వచ్చేస్తాను,” అంది. తోడు వెళ్ళాను.

మేకప్ గది తలుపు తీసేసరికి ఆ ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో, మెడకి తువ్వాళ్ళు కట్టుకుని, మొహాలకి పౌడరు వేయించుకుంటున్నారు. కమిటీ పెద్ద మోకాళ్ళ నొప్పికి రచయిత్రి ఏదో నూనె చెబుతోంది. “తలగుడ్డ సంగతి మొదట మీరెత్తండి, నేను అక్కడ అందుకుంటాను,” అంది. “మరీ కోప్పడకండేం, బీపీ మనిషిని,” అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

మేకప్ అమ్మాయి డబ్బా దగ్గరికొచ్చి, “అక్కా, కళ్ళకింద కొంచెం నల్లగా రాస్తాను. దిగులుగా కనిపిస్తారు,” అంది.

“ఛీ!”

ఆ ఒక్కమాటే వచ్చింది డబ్బా నోట. ఆ ఇద్దరూ అద్దంలోంచి ఆమెని చూశారు. రచయిత్రి మొహం వెలిగిపోయింది.

“అదే! లైవ్‌లో కూడా అచ్చం అలాగే అనమ్మా. ఎంత బాగుందో!”

మేం వెనక్కి తిరిగి మెట్లు దిగేశాం. ఆమె లేకుండానే చర్చ జరిగింది. ఇద్దరూ బల్లలు గుద్ది అరుచుకున్నారట. డబ్బా మర్నాడు ఎప్పటిలాగే లాండ్రీకి వెళ్ళింది.

ఆ కామెడీ రెండో భాగానికి ఇంకెవరివో చేతులు తెచ్చుకున్నారు. కొన్నాళ్ళకి ఇంకో కార్యక్రమంలోంచి ఇంకో మాట వచ్చి జనం నోళ్ళలో పడింది. తాళం మాట అందరూ మర్చిపోయారు. అంతమందికి అంత సులువుగా మరుపొచ్చిందంటే డబ్బాకి అది ఇంకో రోత. “క్షమాపణ చెప్పరు సరే, కనీసం గుర్తన్నా పెట్టుకోరా?” అంటుంది.

వదిన అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. డబ్బా ఫోను నాకిచ్చేసి డ్రమ్ముల బోల్టులు బిగించుకుంటూ ఉంటుంది. ఇప్పుడు బ్యాండు అంటే మేమిద్దరమే. పాడేవాళ్ళు లేక నేనే పాడుతున్నాను, నా గొంతు కాకిగోల. హాలు సగం కూడా నిండదు. వచ్చినవాళ్ళు మాత్రం గంతులేసి, చెమటలు కక్కి పోతారు.

తాళాలాయన పనిబల్ల ఒకప్పుడు వీధి మీద ఉండేది. దారినపోయే వాళ్ళందరితో మాట్లాడుతూ పని చేసుకునేవాడు. ఇప్పుడు దాన్ని లోపలికి, గోడవైపుకి తిప్పి వేసుకున్నాడు. బయట వేద్దాం రా నాన్నా అని కూతురు ఎన్నిసార్లు లాగినా, ఎండగా ఉందమ్మా అంటాడు. ఆ వీధిలో ఎండ పడదు.