పసుపు యార్డులో తెల్లోడు

ఆర్మూర్ పసుపు యార్డులో రాశులెత్తిన చోటల్లా ఊడ్చి, రాలిన కొమ్ములేరుకునే రత్నవ్వకు ఒక కుక్క ఉండేది. పేరు తెల్లోడు. ఆ పేరు వానకాలంలో పెట్టింది. ఎండలు ముదిరేసరికి వాడు బస్తాల మీద పొర్లి పొర్లి చామంతి పువ్వులా తయారయ్యేవాడు. వాడొక్కడేనా, సీజన్‌లో యార్డు కుక్కలన్నీ అంతే.

ఎనభై ఎనిమిది ఏప్రిల్‌లో కమీషన్ ఏజెంటు గంగాకిషన్ సేటు పిక్కను ఏదో కుక్క పట్టుకుంది. దవాఖానలో బొడ్డు చుట్టూ సూదులు వేయించుకుంటూనే ఆయన ఫిర్యాదు రాయించాడు: పసుపుపచ్చ కుక్క.

కుక్కల మీద చట్టాలు చేసిన ఊళ్లు లోకంలో చాలా ఉన్నాయి. ఒకచోట మూతికి చిక్కం కట్టమన్నారు, ఇంకోచోట మెడకు బిళ్ల వేయమన్నారు. కుక్క రంగు మారితే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. ఇక్కడి రూలు చిన్నది: కరిచిన కుక్కను పట్టుకుపోయి చంపాలి.

పంచాయతీ గుమాస్తా దేవిదాస్ తాడుతో వచ్చాడు. కుక్కలన్నీ పరుగు తీశాయి. తోక ఊపుతూ నిలబడింది తెల్లోడే.

"గిది తెల్ల కుక్క సారూ! పేరే తెల్లోడు," అంది రత్నవ్వ.

"నీ పేరు రత్నవ్వ గదా, నీ మూటల రత్నాలున్నయా?"

హమాలీలు నవ్వారు.

రత్నవ్వ గద్దె మీద కూర్చున్న సేటు వైపు తిరిగింది. "సేటూ, గిదేనా కరిచింది? జర సూసి చెప్పుండ్రి."

"దాని మొకం సూసిన్నా అవ్వా? ఎనుకకెళ్లి పట్టింది," అన్నాడు సేటు. నిజంగానే ఆయనకు తెలియదు.

"పొద్దుగూకేదాంక టైమిస్త," అన్నాడు దేవిదాస్. "తెల్లగ జేసి సూపెట్టు, ఇడిచిపెడ్త."

నీళ్లకు పసుపు వదల్లేదు. ఆత్రంలో రత్నవ్వ బట్టల సబ్బు తెచ్చి రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. ఎన్ని చీరలు ఉతకలేదు! ఆ పూట గుర్తు రాలేదు, అంతే. తెల్లోడు ఎర్రబడ్డాడు. మూతీ, ముందరి కాళ్లూ నెత్తుట్లో ముంచి తీసినట్టు.

"సబ్బు సారూ, సబ్బు!"

"నాకెరుకే అవ్వా. మా ఇంట్ల గూడ గంతే అయితది. కని తెల్లగ గాలే గదా," అంటూ దేవిదాస్ తాడు వేశాడు. షికారుకనుకున్నాడేమో, తెల్లోడు ఆయనకంటే ముందే నడిచాడు.

జూన్‌లో వానలు పడ్డాయి. యార్డు కుక్కల అసలు రంగులు బయటపడ్డాయి: ఒకటి నల్లది, ఒకటి మచ్చలది. ఒక్కటి మాత్రం ఎంత తడిసినా పసుపుపచ్చగానే ఉంది. గంగాకిషన్ సేటు గద్దె కిందే పడుకుని ఉంది.

రత్నవ్వ చీపురు పట్టుకుని చాలాసేపు దాని ముందు నిలబడింది.

"ఏందవ్వా?" అన్నాడు సేటు.

"ఏం లేదు సేటూ. జర కాళ్లు మీదికి వెట్టుకోండ్రి. ఊడుస్త."