బండి దిగితే ఎగిరిపోయే బట్టమేక

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నాలాంటి గుమాస్తాలం గుడారాల్లో కాపురాలు చేసేవాళ్ళం. తెనాలి కాలవగట్ల మీద పెరిగినవాణ్ణి. ఇక్కడి ఎండా దుమ్మూ చూసి, ‘ఈ సీమలో చూడటానికి ఏముంది?’ అని రోజుకోసారి సణగకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఆ వానాకాలంలో మా ఆఫీసువాళ్ళం తలా మూడు రూపాయలు వేసుకుని, బస్సు మాట్లాడుకుని మహానందికి బయల్దేరాం. దారిలో నందికొట్కూరు మా హెడ్‌గుమాస్తా గారి అత్తవారి ఊరు. శనివారం రాత్రి అక్కడ మజిలీ, ఆదివారం మధ్యాహ్నం విందు, మూడింటికి మళ్ళీ బస్సు. పొద్దున పూట ఖాళీ. “మేకంత పిట్టను చూడాలంటే మా మద్దిలేటి బండెక్కి పోండి” అన్నారు ఆ ఇంటి పెద్దాయన. మేకంత పిట్ట అనేసరికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఎక్కాను.

ఆరున్నరకు కదిలాం. పోనూ రానూ బాడుగ రూపాయిన్నర. దారి రెండు క్రోసులకు మించదు గానీ, వానకు నల్లరేగడి చక్రాలకు అంటుకుని రెండున్నర గంటలు పట్టింది. మద్దిలేటి నలభై ఏళ్ళ రైతు, అడిగితే తప్ప మాట్లాడడు. కనుచూపు మేర కొర్రచేలు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి బీళ్ళు, చెట్టన్నది అక్కడొకటి ఇక్కడొకటి. “ఇంత బయల్లో చూడటానికి ఏముందయ్యా?” అన్నాను, అలవాటు పోనిచ్చుకోకుండా. ఆయన మునికోలతో ఎడమపక్కకు చూపాడు. మెలితిరిగిన కొమ్ముల నల్లజింక ఒకటి, దాని వెనక పదిహేను ఆడజింకలు, మా బండి ముందు నుంచే గెంతుకుంటూ దాటిపోయాయి. నోరు తెరుచుకుని చూశాను.

తొమ్మిదింటికి ఆయన చేను చేరాం. పచ్చటి కొర్రపైరు నడుమ చాపంత నేల దున్నకుండా వదిలేసి ఉంది. అక్కడ గడ్డి రంగులో కలిసిపోయి కూర్చుంది ఆ మేకంత పిట్ట, బట్టమేక. బండి ముప్పై గజాల దాకా పోయినా కదల్లేదు. మెడ మాత్రం నిలువునా ఎత్తి మమ్మల్ని చూసింది. ఎంత ఠీవి!

“గుడ్ల మీద ఉందా?” అని గుసగుసగా అడిగాను.

“గుడ్లు కాదు సామీ, ఒకటే గుడ్డు. ఏడాదికి ఒకటే పెడతాది. పోయినేడు జీపులో తుపాకులేసుకొని వచ్చినోళ్ళు రెండు పిట్టల్ని కొట్టుకపోయినారు. ఈ యేడు మా చేనికి వచ్చింది ఇదొక్కటే. దీనికోసమే ఆ జాగా దున్నకుండా ఇడిసినా. ఎద్దులంటే దానికి బెదురు లేదు. మనిషిని నమ్మదు. మీరు దిగొద్దు.”

తల ఊపాను. కానీ మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన పెట్టె కెమెరా ఒళ్ళో ఉంది. ఎద్దుల కొమ్ములు అడ్డొస్తున్నాయి. ఒక్క క్షణమే కదా అని వెనక నుంచి మెల్లగా దిగాను. కాలు నేలకు తాకిందో లేదో, పిట్ట లేచి నాలుగడుగులు పరుగెత్తి, బరువుగా రెక్కలు కొడుతూ దూరంగా బీట్లోకి వెళ్ళిపోయింది. నా ఫొటోలో పడింది ఖాళీ ఆకాశమే.

మద్దిలేటి “ఎక్కండి సామీ” అన్నాడంతే. అప్పటికే తుమ్మచెట్టు మీద రెండు కాకులు వాలాయి. ఆ గుడ్డు కాకుల పాలైతే తప్పు నాదే. బండి దిగి కాపలా ఉందామంటే మనుషులున్న చోటికి పిట్ట రాదు. అందుకని ఆయన గుడ్డు చుట్టూ బండి తిప్పడం మొదలుపెట్టాడు. కాకులు దిగినప్పుడల్లా ఎద్దుల్ని అదిలించేవాడు, వాటి మెడగంటల మోతకు కాకులు లేచిపోయేవి. చక్రాల కింద ఆయన సొంత పైరే నలిగిపోతోంది.

“పైరు పోతోందయ్యా!” అన్నాను సిగ్గుతో చితికిపోయి.

“పైరు మళ్ళా విత్తుకుంటాం. దీన్ని యాడ విత్తేది?”

పన్నెండు దాటింది. విందు పోయింది, బస్సూ పోయేలా ఉంది. నడిచి పోదామన్నా దిగడానికి వీల్లేదు, పిట్ట దూరం నుంచి చూస్తూనే ఉంది. ఎవరో కట్టేసినట్టు బండిలోనే కూర్చున్నాను. ఒంటిగంట, రెండు, మూడు. జీవితంలో ఏ దేవుడికీ మొక్కనంతగా ఆ పిట్టకు మొక్కుకున్నాను. చివరికి గడ్డిలో ఒక తల లేచింది. ఆగుతూ, చూస్తూ, ఎద్దుల పక్కనుంచే నడిచి వచ్చి, గుడ్డును ముక్కుతో సర్దుకుని కూర్చుంది. నా కళ్ళు చెమర్చాయి.

మద్దిలేటి బండి ఆపి, ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు. “ఇప్పుడు చెప్పండి సామీ, ఈడ చూసేదానికి ఏముండాది?”

నలిగిన పైరుకు రెండు రూపాయలివ్వబోతే తీసుకోలేదు. చీకటిపడే వేళకు ఊరు చేరి, అట్టిపెట్టిన విందుభోజనం తిని, మర్నాడు సర్వీసు బస్సులో పన్నెండణాలిచ్చి కర్నూలు వచ్చేశాను. మహానంది కోనేటి నీళ్ళ చల్లదనం గురించి మావాళ్ళు వారం రోజులు చెప్పారు. నాకు మాత్రం దున్నకుండా వదిలిన ఆ చాపంత నేలే కళ్ళలో మెదిలేది. గుడారంలో ఎంత ఉక్కపోసినా ఈ సీమను మళ్ళీ ఏమీ అనలేదు.

మీరూ వెళ్తానంటే వానాకాలంలో, పొద్దున్నే, ఎద్దులబండి మీదే వెళ్ళండి. మంచినీళ్ళు, సద్ది వెంట ఉంచుకోండి. బండివాడు దిగమనేదాకా దిగకండి. నేను దిగాను.