వీపు వెనక పసుపు జెండా

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం పొద్దున, ఎత్తవలసిన జెండాను నేను ఎత్తలేదు. వీపు వెనక దాచుకున్నాను. ఆ తర్వాత, ఎత్తానని అబద్ధం చెప్పాను. ఈ రెండింటిలో ఏది పెద్ద తప్పో చాలా ఏళ్లు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు మాత్రం రెండోదే అనుకుంటున్నాను.

ఈ మధ్య మద్రాసు నడిబొడ్డున రోడ్లు మూసి కార్ల పందేలు పెట్టారు. మా మనవడు ఫోనులో చూపించాడు. రోజూ బస్సులు తిరిగే వీధికి రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటిమీద ఇనుప వలలు. వాడు కార్లను చూస్తున్నాడు. నేను మలుపులో గోడ వెనక జెండా పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తున్నాను. "తాతా, కారు ఎప్పుడో పోయింది. నువ్వు యాడ సూస్తా ఉండావు?" అన్నాడు వాడు. వాడికి చెప్పాల్సింది ఒక్క మాటలో అయ్యేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నగరి. ఆ రోజుల్లో ఊళ్లో చాలా ఇళ్లలో మగ్గాలు ఆడేవి. మా ఇంట్లో మగ్గం లేదు. నాయనకు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి ఉండేది. అంగడి పక్కనే ఒక స్కూటర్ల షెడ్డు. దాని యజమానిని పిల్లలమంతా షెడ్డు మామ అని పిలిచేవాళ్లం. ఆయన మాకు చుట్టం కాదు. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో మెకానిక్కుగా పనిచేశాడట. మద్రాసు అవతల విమానాల పాత రన్‌వే మీద కార్ల పందేలు జరిగితే, ఒక మలుపులో జెండా పట్టుకుని నిలబడేవాడట. ఎన్ని ఇంజన్లు బాగుచేశాడో ఎప్పుడూ చెప్పుకోలేదు గానీ, జెండా సంగతి మాత్రం చెప్పుకునేవాడు.

బడి వదలగానే మేము షెడ్డుకు చేరేవాళ్లం. ఆయన చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ కార్ల పందేల కథలు చెప్పేవాడు. మొదట్లో దొరల దేశాల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మామూలు రోడ్డు మీదే పందెం వేసుకునేవాళ్లట. చూడ్డానికి వచ్చిన జనం రోడ్డు మధ్యలోనే నిలబడేవాళ్లట. కుక్కలు, మేకలు అడ్డం వచ్చేవట. మనుషులు పోయారు. ప్రభుత్వాలు వద్దన్నాయి. అప్పుడు కొన్ని ఊళ్లవాళ్లు తమ వీధులనే కొన్ని గంటలు మూసి, వాటిలోనే గుండ్రంగా తిరిగే పందేలు పెట్టడం మొదలుపెట్టారు. దీపస్తంభాలకూ గోడలకూ గడ్డి మోపులు కట్టేవాళ్లు. అందులో తోలే స్పోర్ట్స్ కారుకు రెండు సీట్లు, లైట్లు, మడ్‌గార్డులు ఉండాలట. "పందెంలో తోలిన కారులోనే ఇంటికి పోవాల. అదిరా మగతనం" అనేవాడు మామ. మా అన్న వెంటనే, "నీ స్కూటరు పందెంలో పోదు, ఇంటికీ పోదు గదా మామా" అనేవాడు. మామ చేతిలోని గుడ్డ వాడి మొహాన పడేది.

వీధుల్లో పందెం ఎందుకు కష్టమో కూడా ఆయనే చెప్పాడు. మైదానంలో తప్పు చేస్తే మట్టిలోకి పోతాం, ఆగుతాం. వీధిలో తప్పు చేస్తే ఎదురుగా ఎవరో ఒకరి ఇల్లు ఉంటుంది. మలుపు అవతల ఏముందో తోలేవాడికి కనిపించదు. అక్కడ నిలబడ్డవాడికి మాత్రమే కనిపిస్తుంది.

ఒక ఏడాది, వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచాక, ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. పాత బేరింగులు, చెక్క పలకలు ఇచ్చి మా చేత బండ్లు చేయించాడు. ప్రతి బండికీ రెండు సీట్లు ఉండాలన్నాడు. ఒకడు తోలాలి, ఇంకొకడు మిట్ట వచ్చినప్పుడు దిగి తొయ్యాలి. మా వీధి మిట్ట మీద నుంచి కిందికి జారి, రైసుమిల్లు రాతిగోడ దగ్గర తిరిగి, నేతవాళ్ల వీధిలో నుంచి చుట్టుకుని మళ్లీ మిట్టెక్కాలి. మూడు చుట్లు. గెలిచినవాడికి మామ మద్రాసు నుంచి తెచ్చుకున్న పాత కళ్లద్దాలు, తోలుపట్టీ ఉన్నవి.

వీధి మూయడానికి నేతవాళ్లను అడగాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు నూలుపోగులను, వీధి పొడవునా కర్రలమీద చాచి గంజి పెడతారు. ఆ పూట ఆ దావలో బండ్లు పోవు. ఎవరూ బోర్డు పెట్టరు, అయినా ఊరంతా పక్క వీధిలో తిరిగి పోతుంది. మామ వెళ్లి అడిగితే అక్కడి పెద్దాయన నవ్వాడు. "దావ మూసేది మాకా నువ్వు నేర్పించేది? పది గంటల దాకా పడుగు చాచంలే అప్పా, పిలకాయల్ని ఆడుకోనీ" అన్నాడు.

నాకు బండి ఇవ్వలేదు. ఏడ్చాను. మామ నా చేతిలో పసుపు జెండా పెట్టి రాతిగోడ మలుపులో నిలబెట్టాడు. "ముందర ఏదైనా ఉంటే ఎత్తు. ఎత్తితే అందరూ నిదానం చెయ్యాల, ఒకర్నొకరు దాటకూడదు. జెండాని లెక్కచెయ్యనోడికి మళ్లీ బండి లేదు. నువ్వు ఎవురి పక్కా కాదు, తెలిసిందా? ఈడ నిలబడినోడికి పందెం లేదు" అన్నాడు. తలూపాను. కానీ పందెంలో మా అన్న ఉన్నాడు.

రెండు చుట్లు సాఫీగా గడిచాయి. నేతవాళ్ల వీధి అబ్బాయి ఒకడు ముందున్నాడు, వెనకే మా అన్న. ఆ అబ్బాయి నా తరగతే. మూడో చుట్టు మొదలయ్యేసరికి, నేతవాళ్ల వీధిలో ఒక అవ్వ, ఆమె కోడలు పడుగు తెచ్చి ఎడమ పక్క చాచడం మొదలుపెట్టారు. మూడు రోజులు ముసురు పట్టి ఆ పొద్దునే ఎండ వచ్చింది. కాచిన గంజి పులిసిపోతుందని ఆ అవ్వ పది గంటల దాకా ఆగలేకపోయింది. నేను చూశాను. బాగా చూశాను. పైన బేరింగుల చప్పుడు వినిపించింది. తలెత్తితే అన్న బండి ముందు బండికి మూరెడు దూరంలో ఉంది. జెండా ఎత్తితే అన్న దాటకూడదు. నా రెండు చేతులూ వీపు వెనక్కు వెళ్లాయి.

అన్న లోపలి వైపు నుంచి దూసుకుని దాటాడు. వాడికి కుడి సగం ఖాళీగా దొరికింది. బయటి పక్కకు పోయిన నేతవాళ్ల అబ్బాయికి ఎదురుగా పడుగు. వాడు నేతవాళ్ల బిడ్డ. ఆ పోగుల్లోకి పోవడానికి వాడి చేతులు ఒప్పుకోలేదు. బండిని అరుగురాళ్ల మీదికి తిప్పేశాడు. ఆ బండిలోనే వెనక సీటులో ఉన్నవాడు దూకేశాడు. పడుగుకు ఒక పోగు కూడా తెగలేదు. వాడి కుడి మణికట్టు విరిగింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. మామ నా వైపు చూశాడు. "అన్న దాటినాక ఎత్తినాను మామా, వాడే సూళ్లేదు" అన్నాను.

ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు తెలియదు. అవ్వ ఆ అబ్బాయినే తిట్టింది, "కండ్లు నెత్తికెక్కినాయా నీకు" అని. అరుగు మీద కూర్చుని చెయ్యి పట్టుకున్న ఆ అబ్బాయి నా మొహం వైపు చూసి, "నేనే సూసుకోలేదేమో" అన్నాడు. వాడికి నా మీద అనుమానం రాలేదు. తన కళ్ల మీద వచ్చింది. పుత్తూరు తీసుకుపోయి వెదురు బద్దలతో కట్టు కట్టించారు. నెలన్నర చెయ్యి కదల్చకూడదన్నారు. వాళ్ల నాయన మగ్గం మీద కూర్చుంటే, అడ్డపోగుకు కావలసిన నూలును రాట్నం మీద కండెలుగా చుట్టి ఇచ్చేది ఆ అబ్బాయే. వాళ్లమ్మకు చూపు ఆనదు. పెళ్లిళ్ల నెల దగ్గరికొచ్చింది. కండెలు లేక మగ్గం రోజులో సగంసేపు ఊరికే ఉంటోందని మా అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. మా అన్న కళ్లద్దాలు పెట్టుకుని వీధంతా తిరుగుతున్నాడు. నేను గమ్మున ఉన్నాను.

వారం తర్వాత షెడ్డు మామ నన్ను ఒక్కణ్నే పిలిచాడు. మిట్ట మీద మా అన్న బండి ఉంది. "ఈ తూరి నువ్వు తోలు. మలుపులో నేను నిలబడతా" అన్నాడు. నాకు సంబరమైంది. ఆయన కిందికి దిగిపోయాడు. నేను బండెక్కి కాళ్లతో తోశాను.

సగం మిట్ట దిగేసరికి రాతిగోడ పెద్దదవుతూ వచ్చింది. దాని అవతల ఏమీ కనిపించడం లేదు. మామ మాత్రం కనిపిస్తున్నాడు. నిటారుగా నిలబడ్డాడు. ఆయన రెండు చేతులూ వీపు వెనక ఉన్నాయి.

ఆ నాలుగు క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. జెండా ఎత్తలేదు కాబట్టి దావ ఖాళీ అని నమ్మాలి. కానీ జెండా వెనక ఉంటే? పడుగు ఉంటే? ఎద్దుల బండి ఉంటే? చేతులు వెనక పెట్టుకుని నిలబడే మనిషి ఏం చేయగలడో నాకు తెలిసినట్టు ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. బ్రేకు కర్రను బలమంతా పెట్టి లాగాను. బండి బోర్లాపడింది. మోకాళ్లు దోక్కుపోయాయి.

మామ నిదానంగా నడిచి వచ్చాడు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

"ఎందుకు ఆపినావు? నేను జెండా ఎత్తలేదే."

"చేతులు వెనకాల పెట్టుకోనుండావు గదా మామా."

"పెట్టుకుంటే?"

"దాచినావేమో అనుకున్నా."

ఆయన చేతులు ముందుకు తెచ్చి చూపించాడు. రెండూ ఖాళీ. గోడ అవతల వీధి కూడా ఖాళీ. "నిన్న మీ అన్న ఇదే బండిలో దిగినాడు. నేను ఇట్లనే నిలబడినా. వాడు ఆపలేదు. జెండా దాస్తారనేది వానికి తోచనే లేదు. నీకు యాడ తోచిందిరా?" అన్నాడు.

నేను ఏడుస్తూ మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఆ రోజు నేను పరిగెత్తుకొచ్చినప్పుడు జెండా నా నిక్కరు వెనక దోపి ఉండడం చూశానని మాత్రం అన్నాడు. "అయితే అప్పుడే ఎందుకు అడగలా మామా?" అన్నాను. "అడిగితే ఇంకో అబద్ధం సెప్తావు. రెండు అబద్ధాలు మొయ్యలేవు, సన్న పిలకాయవి" అన్నాడు. నా మోకాలి మీది మట్టి దులిపి, "నాకు సెప్పి లాభం ల్యా. సెప్పాల్సిన ఇల్లు నీకు తెల్సు" అన్నాడు.

ఆ ఇల్లు మలుపు నుంచి ఆరో గడప. నాకు చాలా దూరం అనిపించింది. లోపల మగ్గం ఆగి ఉంది. నేతవాళ్ల అబ్బాయి ఎడమ చేత్తో రాట్నం తిప్పడానికి ప్రయత్నిస్తున్నాడు, నూలు జారిపోతోంది. వాళ్ల నాయన ముందు, వాళ్లమ్మ ముందు చెప్పాను. జెండా ఎత్తలేదని, అబద్ధం చెప్పానని. వాళ్ల నాయన లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. ఆ అబ్బాయి మాత్రం రాట్నం వదిలి నా వైపు తిరిగాడు. "అట్లయితే నేను సూసుకోకుండా పోలేదు గదా?" అన్నాడు. వాడి మొహంలో కోపం కాదు, ఏదో బరువు దిగిన తేలిక. ఆ మొహాన్ని చూడడం కంటే దెబ్బలు తినడమే మేలనిపించింది.

మరుసటి రోజు షెడ్డు ముందు పిల్లలందరికీ, ఆ అవ్వకూ అదే చెప్పాను. అన్న నన్ను నాలుగు బాది, కళ్లద్దాలు తీసుకెళ్లి నేతవాళ్ల అబ్బాయి ఒళ్లో పడేసి వచ్చాడు. పొద్దున్నే బడికి ముందు, సాయంత్రం బడి తర్వాత వాళ్లింట్లో కండెలు చుట్టాను. మొదటి రోజు చుట్టినవి వాళ్లమ్మ వేళ్లతో తడిమి, "ఇది కండె కాదు నాయనా, కాకి గూడు" అని మొత్తం విప్పించింది. ఆ అబ్బాయి పక్కన కూర్చుని తప్పు పట్టేవాడు, నవ్వేవాడు. వారం తిరిగేసరికి మగ్గం ఆగకుండా ఆడింది. కట్టు విప్పేదాకా ఒక్కరోజూ మానలేదు.

కట్టు విప్పాక, ఆ పందెం మళ్లీ పెట్టాలని మామ అన్నాడు. మలుపులో ఎవరిని నిలబెట్టాలని పిల్లలు వాదించుకుంటుంటే, నేతవాళ్ల అబ్బాయి నన్ను చూపించాడు. "వాడే నిలబడనీ" అన్నాడు. జెండా ఛాతీ ముందు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. అవతల వీధి ఖాళీగా ఉంది. మిట్ట మీద నుంచి ఆ అబ్బాయి బండి వచ్చింది. మలుపు దగ్గర వాడు నా చేతుల వైపు ఒకసారి చూశాడు. వేగం తగ్గించలేదు.

అప్పటి నుంచి ఎక్కడ నిలబడ్డా నా చేతులు ముందే ఉంటాయి.