పక్కింటి ఆవిడ కార్డుల బీరువా

మా పక్కింటి పెద్దావిడ కిందటి మంగళవారం కాజిల్‌బార్ ఆసుపత్రిలో చనిపోయారు. పనికి బయల్దేరిన మా ఆయన వీధిలో ఆ మాట విని, వెనక్కొచ్చి చెప్పారు. నేను పాలు దించి కూర్చున్నాను.

ఆవిడ వయసులో ఉన్నప్పుడు పశువుల ఆఫీసులో కంప్యూటర్ దగ్గర పనిచేశారు. అప్పట్లో దానికి ఏం చెప్పాలన్నా అట్ట కార్డులకి చిల్లులు కొట్టాలట. మీలో చాలామంది వాటిని చూసి ఉండరు. ఒక్కో ఆవుకి ఒక్కో కార్డు. మిషన్లు మారి కార్డుల్ని పారేస్తుంటే, ఆవిడ ఒక ఇనుప బీరువా నిండా ఇంటికి తెచ్చుకున్నారు. పొడుగాటి సొరుగులు, ప్రతిదాని లోపల వెనకవైపు ఒక రేకు పలక. దాన్ని ముందుకు జరిపి కార్డుల్ని బిగించాలి.

"వదులైతే ఈ ఊరి చెమ్మకి వంగుతాయి. వంగిన కార్డుని మిషన్ మింగదు," అనేవారు. మిషన్ లేకపోయినా రోజూ బిగించేవారు.

మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "కార్డు ముట్టకుండానే జీతం ఇస్తున్నారా నీకు?" అని ఆవిడ ఆయన్ని ఏడిపించేవారు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఈ పరాయి దేశం వచ్చాక ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే బెరుకు. జవాబుకి తొందరపెట్టరని ఆవిడ ఇంటికి మాత్రం వెళ్లేదాన్ని.

ఒకరోజు దుమ్ము తుడుస్తూ సొరుగు మొత్తం లాగేశాను. కార్డులన్నీ నేలపాలు. ఇక ఈ ఇంటికి రానివ్వరనుకున్నాను.

"గేటు తీసిందెవరు? ఆవుల మందంతా రోడ్డెక్కింది," అన్నారు ఆవిడ.

తర్వాత కార్డుల పైఅంచు చూపించారు. వరసలో ఉన్నప్పుడే వాటి మీదుగా, ఈ మూల నుంచి ఆ మూలకి పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీసి ఉంచారట. ప్రతి కార్డు అంచున ఆ గీత ఒక చుక్కగా మిగిలింది. చుక్క ఎంత జరిగిందో చూస్తే కార్డు చోటు తెలుస్తుంది. చదువు అక్కర్లేదు. మూడు మధ్యాహ్నాలు ఇద్దరం సర్దాం. చివర ఆవిడ చూసి, "గ్రాండ్," అన్నారు. ఇక్కడ బాగుందనడానికి ఆ మాటే. ఈ దేశంలో నా పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

నిన్న ఆవిడ మేనల్లుడు ఇల్లు ఖాళీ చేయించారు. బీరువాని పచ్చిక మీద పెట్టించారు, పక్కనే పాత ఇనుము బండి.

"మీరు అడగండి," అన్నాను మా ఆయనతో.

"దాని సంగతి నాకేం తెలుసు? నువ్వే అడుగు."

ఇంగ్లిష్ మాటలు వంటింట్లో రెండుసార్లు అనుకుని, ఆ మేనల్లుడి దగ్గరికి వెళ్లి, ఆ బీరువా మాకిస్తారా అని అడిగాను.

"ఖాళీదా?"

"కార్డులతో."

"వాటిలో ఏముందో తెలుసా?"

"ఆవులు," అన్నాను.

మేనల్లుడు బండి వాళ్లని వెళ్లిపొమ్మన్నారు. మా ఆయనతో కలిసి తనే ఒక పక్క పట్టుకున్నారు.

బీరువా ఇప్పుడు మా ముందు గదిలో ఉంది. నిన్న అది నిలబడ్డ చోట పచ్చికలో నాలుగు గుంటలు పడ్డాయి. రాత్రి వానకి నీళ్లు నిండి ఉన్నాయి.