తోక ఈడ్చిన గీత

మొన్న బందరులో మా అపార్ట్‌మెంట్ వరండాలో ఎలుక ఉచ్చ కంపు కొట్టగానే మొవ్వలో అమ్మమ్మ వడ్ల గాదె గుర్తొచ్చింది. మన మొవ్వ గ్రూపులో మీరూ మర్చిపోయి ఉండరు ఆ కంపు!

సెక్రటరీ గారికి చెబితే, "మన బిల్డింగులో ఎలకలేంటండీ? బయట అనకండి, పరువు పోద్ది" అన్నారు.

అమ్మమ్మ ఎవరి మాటా నమ్మేది కాదు. సాయంత్రం గాదె చుట్టూ పొయ్యి బూడిద చల్లి, తెల్లారాక నన్ను వంగోబెట్టి చూపించేది. "అదిగో, తోక ఈడ్చిన గీత. ఎలక గోడ వారనే నడుస్తదే, నట్టింట్లో నడవదు."

ఇప్పుడు బూడిదెక్కడిది? నిన్న సాయంత్రం వరండా గోడ వెంట టాల్కం పౌడర్ చల్లాను. పొద్దున చూస్తే అడుగులు, గీత, నేరుగా సెక్రటరీ గారి తలుపు కిందికే వెళ్లాయి.

ఫొటో అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. సెక్రటరీ గారు తీసేయమన్నారు. తీయను. ఇదిగో, ఇక్కడా పెడుతున్నాను.