ఖాళీ బుట్ట మీద వాలినవి

నా మౌనాన్ని మా ఇంట్లో ఒప్పుకోలు అనుకున్నారు. మా జువాలజీ మేడం పోయిందన్న కబురు విన్నప్పటి నుంచి నాకు నోట మాట లేదు. ఏడుపూ రాలేదు. "పిల్ల ఎదురు మాట్లాడుతలేదు. పెండ్లిచూపులకు ఒప్పుకున్నట్టే" అని అమ్మ మేనత్తతో సంబరంగా అన్నది. ఆదివారం రమ్మని బాపు పెండ్లికొడుకువాళ్లకు కబురు పంపాడు.

శుక్రవారం పాఠం చెప్పిన మనిషి సోమవారానికి లేదు. దవాఖానలో జ్వరమన్నారు, అంతే. సుద్ద అంటిన ఆమె వేళ్లే కళ్లల్లో మెదులుతున్నాయి.

పురుగులు వాసన పట్టి ఎలా వస్తాయో ఆమె చెప్పిన రోజున, ఇంటికొచ్చి అదంతా ఏకరువు పెట్టాను. బజారులో బెల్లం దుకాణం నడిపే బాపు నవ్వాడు. "మన దుకాన్లకు ఈగలు అడ్రసు అడుక్కుంట వస్తానయా?"

మర్నాడు ఆ మాట మేడంకు చేరవేశాను. ఆమె నవ్వలేదు. "మంచి ప్రశ్న అడిగిండు మీ బాపు. అడుక్కుంటనే వస్తయి, గాలిని" అన్నది. వరండాలో ఊదుబత్తి వెలిగించింది. పొగ తీగలా సాగి, కొంత దూరం పోయాక తునకలైంది. వాసన కూడా అంతేనట. తునక తగిలితే పురుగు గాలికి ఎదురు పోతుంది. తగలకపోతే మళ్లీ తగిలేదాకా అడ్డంగా అటూ ఇటూ తిరుగుతుంది.

"చూసేటోళ్లు దారి తప్పిందనుకుంటరు. అది వాసన కోసం దేవులాడుతాంది" అన్నది. ఏ పని మీదా నిలవని నన్ను చూసే అన్నదేమో.

కిందటి వానల్లో మమ్మల్ని ఏటూరునాగారం అడవికి తీసుకుపోయింది. అక్కడ చెట్ల మీద దసలిపట్టు పురుగులను పెంచేవాళ్లు పొద్దుగూకే వేళ, రెక్కలొచ్చిన ఆడ పురుగును వెదురుబుట్టలో పెట్టి మద్దిచెట్టుకు కడతారు. అడవిలోని మగవి వాటంతట అవే వస్తాయి. మేడం ఆడదాన్ని తీసి, గాజుసీసాలో మూత బిగించి పక్కనే పెట్టింది. మగవి కళ్లెదుట ఉన్న సీసాను వదిలేసి, దాని వాసన మిగిలిన ఖాళీ బుట్ట మీద వాలాయి. ఈ వానలకు వాటి రెక్కల మీద రంగుచుక్క పెట్టి, ఎంత దూరం నుంచి వస్తాయో చూద్దామన్నది నాతో.

నిన్న కాలేజీకి పోయాను. ల్యాబులో ఆమె కుర్చీ ఖాళీ. బల్ల మీద ఆ బుట్ట. ఎవరూ పిలవకుండానే ఒక్కొక్కరమే వచ్చి కుర్చీ చుట్టూ నిలబడ్డాం.

బుట్టను ఇంటికి తెచ్చుకున్నాను. వానలు పడ్డాయి, రంగుచుక్కలు పెట్టడానికి అడవికి పోతానంటే అమ్మ, "ఆ మేడమే లేకపాయె. అడివిల నిన్నెవరు పిలిచిండ్రే?" అన్నది.

ఆదివారం వాళ్లు వచ్చేసరికి నేను ఏటూరునాగారం బస్సులో ఉంటాను.