కుంకుమ పెట్టి పిలిచిన రెగ్గే కచేరి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. గుడియాత్తంలో మేస్త్రీగా ఇళ్ళు చాలానే కట్టాను, ఒక్కటీ కూలలేదు. పెళ్ళి మాత్రం వేలూరులో, వధూవరులిద్దరికీ తెలియకుండా చేయబోయాను. ఆ ఉపద్రవాన్ని నా దినచర్య పుస్తకంలో రాసుకున్నది రాసుకున్నట్టే విన్నవిస్తున్నాను. నవ్వదలచినవారు నవ్వుకోవచ్చు, అప్పటికి నాది అరవై దాటిన పసితనం.

మా మనుమరాలు నివేద హిప్ హాప్ పాడుతుంది. వేలూరులో ఒక హాలులో రెగ్గే, హిప్ హాప్, ఆఫ్రికా డప్పుల కచేరి ఏర్పాటైంది. డప్పులు వాయించేది ఆమెతో చదువుకునే, నైజీరియాలోని లాగోస్ ఊరి కుర్రవాడు శామ్యూల్. కొద్ది రోజుల ముందు నివేద మొహం వేలాడేసుకుని వచ్చింది.

"తాతా, సగం హాలన్నా నిండకుంటే రద్దు చేస్తామంటా ఉండారు. నాకిదే మొదటి కచేరి."

"జనాన్ని ఎట్ల పిలిచినావు?"

"ఫోన్లో పోస్టరు పెట్టినా."

నాకు ఒళ్ళు మండింది. ఫోనులో బొమ్మ పంపడం కూడా ఒక పిలుపేనా? గడప తొక్కి, బొట్టు పెట్టి, తాంబూలమిచ్చి పిలవవద్దూ? నా భార్య చేతికి కుంకుమ భరిణె ఇచ్చి, పళ్ళెంలో తమలపాకుల మీద ఆ పోస్టరునే అచ్చువేయించి పెట్టి, ఆర్కాడు నుంచి నెమిలి దాకా బంధువుల ఇళ్ళన్నీ క్రమం తప్పకుండా తిరిగాను. రెగ్గే అంటే ఏమిటో వివరించడం నావల్ల కాని పని. అందుచేత ప్రతి ఇంటా ఒకటే మాట: "మన నివేదది శనివారం సాయంత్రం. కుటుంబంతో రావాల." పోస్టరు మీద నివేదా శామ్యూలూ పక్కపక్కన నవ్వుతున్నారు.

నెమిలిలో మా అక్క రాజమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"పిల్లోడు ఎత్తుగా ఉండాడు. యాడోడప్పా?"

"పరదేశం. డప్పు బాగా వాయిస్తాడు."

"నీకు సమ్మతమేనా?"

"నాకేమక్కా? వాడు లేకుంటే జరగనే జరగదు."

ఆమె నిట్టూర్చి బొట్టు పెట్టించుకుంది.

శనివారం హాలు ఖాళీ. నిర్వాహకుడు గడియారం చూస్తున్నాడు, నివేద గోళ్ళు కొరుకుతోంది. నాకైతే తడి ఆరని శ్లాబుకు ఆసరాగా ఉన్న సెంట్రింగు చెక్కలు విప్పి దాని కిందే నిలబడినట్టుంది. ఇంతలో వ్యాన్లు వచ్చి ఆగాయి. దిగినవి పట్టుచీరలు, పండ్ల పళ్ళేలు, అక్షింతల గిన్నెలు, పూలదండలు.

"ఇదేమక్కా, కచేరీకి సారె తెచ్చినారు?"

"పెండ్లిలో కచేరి పెట్టుకుంటే సారె తేకూడదా?"

"పెండ్లా? ఎవురికి?"

"బొట్టు పెట్టి పిలిచింది నువ్వు. అడిగేది నన్నా?"

కుర్చీ కుర్చీకీ వెళ్ళి నిజం చెబుదామని కదిలేలోపే డప్పులు మొదలయ్యాయి. ఆ దరువు నానాటికీ కాదు, క్షణక్షణానికీ పెరిగింది. మావాళ్ళకు తెలిసింది ఒకటే: వాయిద్యం జోరందుకుందంటే గట్టిమేళం, గట్టిమేళమంటే తాళి కడుతున్నట్టు. హాలు హాలంతా లేచి అక్షింతలు చల్లింది. నివేదది నోరు మూయకుండా పాడే విద్య కావడం చేత, కొన్ని గింజలు నోట్లోనూ పడ్డాయి, అయినా ఆపలేదు. శామ్యూల్ ఇది కళాకారులకు ఈ ఊళ్ళో చేసే సత్కారమనుకుని మరింత జోరు పెంచాడు. ఆ జోరుకు అక్షింతలూ పెరిగాయి.

కచేరి ముగిశాక నిర్వాహకుడు నా చేతులు పట్టుకున్నాడు. "అయ్యా, వచ్చే నెల కూడా ఈ జనాన్నే పిల్చుకొని రావాల."

నేను అక్కకు దణ్ణం పెట్టి, పెళ్ళి లేదు, ఉన్నదంతా పాటేనని చెప్పాను. ఆమె నావైపు జాలిగా చూసి, నేరుగా శామ్యూల్ దగ్గరకు వెళ్ళి ఏదో అడిగి తిరిగి వచ్చింది.

"లాగోస్ గోత్రమంట తమ్ముడా. మనది కాదు. చేసుకోవచ్చు."

కనుక సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: వచ్చే నెల కచేరీకి నేను ఎవరి గడపా తొక్కను. ఫోనులో పోస్టరే పంపుతాను. అది కూడా ఇద్దరి బొమ్మలు వేరు చేసి, రెండు వేర్వేరు రోజుల్లో.